మాచర్ల బండి పోతే మళ్లీ ఎప్పుడు?

ఈ ఎపిసోడ్ మా పల్నాడు రైళ్ల గురించి. ముందే ఒక మాట చెప్పేస్తాను. కొత్త లైను వెయ్యాలి, వందేభారత్ మా ఊళ్లో ఆగాలి లాంటి డిమాండ్లు ఇవాళ నా దగ్గర లేవు. అవి అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఉన్న పట్టాల మీద, ఉన్న స్టేషన్ల మధ్య, ఇంకో నాలుగు చిన్న బండ్లు ఎందుకు తిరగవు, తిరగాలంటే ఎవరు ఏం చెయ్యాలి, అంతవరకే మాట్లాడుకుందాం.

తెర మీద మ్యాపు చూడండి. పని చేసుకుంటూ వింటున్నవాళ్ల కోసం నోటితో కూడా చెప్తాను. గుంటూరు దాటగానే నల్లపాడు అని ఒక చిన్న జంక్షన్ వస్తుంది. అక్కడ లైను రెండుగా చీలుతుంది. కుడిచేతి వైపు పోయేది సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా నడికుడి చేరుతుంది, అక్కడినుంచి కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్లగొండ, బీబీనగర్, సికింద్రాబాద్. ఎడమచేతి వైపు పోయేది నరసరావుపేట, శావల్యాపురం, వినుకొండ, ఆ తర్వాత దొనకొండ, మార్కాపురం, నంద్యాల, చివరికి గుంతకల్లు. ఇక నడికుడి దగ్గర పడమటికి ఒక కొమ్మ విడిపోతుంది. 35 కిలోమీటర్లు. గురజాల, రెంటచింతల, మాచర్ల. మాచర్లలో పట్టా అయిపోతుంది. అంతే.

ఇప్పుడు దీని మీద జిల్లా గీత గీయండి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల అని మూడు రెవెన్యూ డివిజన్లు. కలెక్టరేట్ నరసరావుపేటలో. అంటే జిల్లా కేంద్రం ఒక లైను మీద, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల ఇంకో లైను మీద. మాచర్ల మనిషి రైల్లోనే కలెక్టరేటుకి వెళ్తానని పట్టుబడితే నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి దాటి గుంటూరు దాకా వచ్చేసి, అక్కడ బండి మారి, మళ్లీ వెనక్కి పడమటికి నరసరావుపేట పోవాలి. లక్ష జనాభా దాటిన చిలకలూరిపేటకైతే అసలు రైలే లేదు, దాని సంగతి వేరు.

పల్నాటి కథ తెలిసినవాళ్లకి గురజాల, మాచర్ల అంటే నలగామరాజు, మలిదేవరాజు గుర్తొస్తారు. అన్నదమ్ములు పంచుకుని రెండు రాజ్యాలు చేసుకున్న ఊళ్లు. కోడిపందెం, కారెంపూడి, అవన్నీ మీకు తెలిసినవే. ఆ రెండు ఊళ్లకీ ఇప్పుడు ఒకే లైను, ఒకే బండి. మన జిల్లాలో రైలు నిజంగా కలిపిన జత ఏదన్నా ఉంటే అదే అనిపిస్తుంది నాకు.

కొంచెం చరిత్ర చెప్పి ముందుకి పోతాను. గుంటూరు నుంచి మాచర్లకి 1930 ప్రాంతంలో మీటర్ గేజ్ లైను వచ్చింది. అప్పటికి హైదరాబాద్ వైపు దారి లేదు. బీబీనగర్, నడికుడి మధ్య లైనుకి 1974లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే 1989కి పూర్తయింది. పదిహేనేళ్లు. ఆ తర్వాత 1990ల మొదట్లో గుంటూరు, మాచర్ల లైను కూడా బ్రాడ్ గేజ్ అయింది. దాంతో ఒక విచిత్రం జరిగింది. అంతవరకు గుంటూరు, మాచర్ల అనేది ఒకే దారి, చివర ఊరు మాచర్ల. కొత్త లైను రాగానే మెయిన్ లైను నడికుడి నుంచి హైదరాబాద్ వైపు తిరిగిపోయింది, మాచర్ల పక్కకి ఉండిపోయింది. విశాఖ ఎక్స్‌ప్రెస్, నారాయణాద్రి, జన్మభూమి ఇవన్నీ పిడుగురాళ్ల, నడికుడి పట్టాల మీదే పరిగెత్తుతాయి. వాటిలో చాలావాటికి పల్నాడు దారిలో తగిలే ప్రాంతం, అంతే. గుంటూరు, వికారాబాద్ మధ్య పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఉంది కదా అంటారు. పేరు మనది, మంచి బండి కూడా. గురజాల, మాచర్ల మాత్రం దాని దారిలో లేవు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్, తిరుపతి వందేభారత్ మొదలైంది. మొదలైన రోజు హాల్టులు నల్లగొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు. పల్నాడు జిల్లా ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క ఆగు లేకుండా దాటేసింది. దాని మీద నాకు కోపం లేదు. ఆ బండి పని దూరపు ఊళ్లని కలపడం. మన దగ్గర లేనిది దగ్గరి ఊళ్లని కలిపే బండి.

సరే, నరసరావుపేట లెక్కకి వద్దాం. దీని గురించి చాలామంది ఆవేశంగా మాట్లాడతారు, అందుకని కాస్త నిదానంగా చూద్దాం. నడికుడి, శ్రీకాళహస్తి కొత్త లైను గురించి వినే ఉంటారు. 309 కిలోమీటర్లు, 2011-12లో మంజూరు. ఖర్చులో సగం రాష్ట్రం, భూమి రాష్ట్రం ఇవ్వాలి అనే షరతు మీద. అందులో మొదట తయారైన ముక్క న్యూ పిడుగురాళ్ల నుంచి రొంపిచర్ల మీదుగా శావల్యాపురం దాకా, సుమారు 47 కిలోమీటర్లు. మ్యాపు మీద చూస్తే అర్థమవుతుంది, ఇందాక చెప్పిన రెండు లైన్లకీ మధ్య నిచ్చెన మెట్టులాగా పడింది ఇది. అంటే ఇప్పుడు మాచర్ల, గురజాల, నడికుడి, పిడుగురాళ్ల, రొంపిచర్ల, శావల్యాపురం, అక్కడినుంచి వెనక్కి నరసరావుపేట. గుంటూరు పోకుండా జిల్లాలోపలే తిరిగి రావచ్చు. పట్టా ఉంది. సిమెంటు బండ్లకి పనికొస్తుంది. రోజూ పొద్దున సాయంత్రం జనాన్ని ఎక్కించుకుని తిరిగే లోకల్ బండి మాత్రం లేదు.

ఇది చూపించి, మాచర్ల నుంచి నరసరావుపేటకి రైలు వేస్తే అయిపోతుంది కదా అంటారు. నాకూ ఆశగానే ఉంటుంది. కానీ కిలోమీటర్లు కూడి చూడండి. మాచర్ల, నడికుడి 35. నడికుడి నుంచి పిడుగురాళ్ల ఒక పదిహేను. కొత్త లైను 47. శావల్యాపురం నుంచి నరసరావుపేట పాతిక పైన. మొత్తం 120 దాటుతుంది. రోడ్డు మీద మాచర్ల నుంచి నరసరావుపేట ఎనభై చిల్లర. పైగా కొత్త లైను శ్రీకాళహస్తి వైపు పోవడానికి కట్టింది కాబట్టి, శావల్యాపురంలో అది వినుకొండ వైపు మొహం పెట్టుకుని కలుస్తుంది. నరసరావుపేట పోవాలంటే అక్కడ బండి దిశ మార్చుకోవాలి. మెమూ బండి అయితే రెండు చివర్లా డ్రైవరు క్యాబిన్ ఉంటుంది, ఇంజను విప్పి తగిలించే పని ఉండదు, డ్రైవరు ఈ చివరనుంచి ఆ చివరకి నడిచొస్తే చాలు. అయినా పది, పదిహేను నిమిషాలు పోతాయి. మొత్తమ్మీద మూడు గంటల పైమాటే. బస్సు అంతకంటే ముందే చేరుతుంది. పిడుగురాళ్ల వాళ్లకైతే ఇంకా హాస్యం. రోడ్డు మీద ముప్పై చిల్లర కిలోమీటర్ల దూరానికి రైల్లో డెబ్భై పైన తిరగాలి. ఎవరు ఎక్కుతారు చెప్పండి?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. కలెక్టరేటు కోసం రైలు అడగడం పట్టుదల కిందికి వస్తుంది, ప్రయాణం కిందికి రాదు. ఆ పని బస్సు చేస్తోంది, చెయ్యనివ్వండి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లప్పుడు ఆ దారిలో స్పెషల్ బండి వేస్తారా, సంతోషం. రోజువారీ రైలుకి అది కారణం కాకూడదు.

మరి రైలు ఎక్కడ గెలుస్తుంది? పట్టా నేరుగా పోయేచోట. అలాంటివి రెండున్నాయి. ఒకటి, పిడుగురాళ్ల నుంచి కొత్త లైను మీద రొంపిచర్ల, శావల్యాపురం, వినుకొండ. ఇక్కడ బండి తిరగాల్సిన పని లేదు, లైను అటే పోతుంది. సున్నం బట్టీల ఊరినుంచి వినుకొండకి, అక్కడినుంచి మార్కాపురం, నంద్యాల బండ్లకి. మిర్యాలగూడ, నల్లగొండ వైపు వాళ్లు కూడా గుంటూరు చుట్టూ తిరక్కుండా రాయలసీమ బండి పట్టుకోవచ్చు. రెండోది, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, గుంటూరు, విజయవాడ. పాత దారి. నూటికి ఎనభై మందికి కావల్సింది ఈ రెండోదే. నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది కూడా దాని గురించే.

గుంటూరుకి మాచర్ల నుంచి జనం ఎందుకు పోతారు? మిర్చి యార్డు ఉంది, కోర్టు పనులున్నాయి, చదువులున్నాయి. అన్నిటికంటే ఎక్కువ ఆస్పత్రి. గుంటూరు జీజీహెచ్. అక్కడ ఓపీ పొద్దునపూట. చీటీ రాయించుకోవాలి, డాక్టరు రక్తపరీక్ష రాస్తే అది చేయించాలి, రిపోర్టు చూపించాలి. పదకొండింటికి దిగితే ఆ రోజు పోయినట్టే. మళ్లీ అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం రెండు కావచ్చు, సాయంత్రం ఐదు కావచ్చు. ఎప్పుడవుతుందో ముందు ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆస్పత్రి మనిషికి కావాల్సింది తెల్లవారుజామున ఒక బండి, తిరిగి రావడానికి రెండు మూడు బండ్లు. ఒక్కటే ఉంటే అది దాటిపోతుందేమో అన్న భయంతోనే ఎక్కడు. మాచర్ల నుంచి గుంటూరు 130 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ప్యాసింజరుకి మూడున్నర గంటలు అనుకోండి. ఇక్కడ బస్సు కూడా దాదాపు అంతే. ఆర్డినరీ టికెట్టు మాత్రం ఎక్స్‌ప్రెస్ బస్సు టికెట్టులో పావు వంతు కూడా ఉండదు.

ఇక్కడ మీరు అడ్డుపడతారని తెలుసు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది కదా, ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచితం కదా, ఇంక రైలెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. మా మేనత్త ఊరు రెంటచింతల. అదేనండీ, ప్రతి ఎండాకాలం టీవీలో టెంపరేచర్ చెప్పే రెంటచింతల. ఆవిడకి షుగరు, మోకాళ్ల నొప్పులు. బస్సు ఉచితమైనా సరే గుంటూరు పోవాలంటే బండి టైము అడుగుతుంది. కారణం డబ్బు కాదు. బస్సులో బాత్రూమ్ ఉండదు. పొద్దున లేచిందగ్గర్నుంచి నీళ్లు తాగకుండా బయల్దేరుతుంది బస్సులో పోవాల్సి వస్తే. షుగరున్న మనిషి మే నెలలో పల్నాడు ఎండలో నీళ్లు తాగకుండా మూడున్నర గంటలు ప్రయాణం చెయ్యడం ఏంటో మీరే ఆలోచించండి. రైల్లో అయితే కాళ్లు చాపుకుంటుంది, లేచి నాలుగడుగులు వేస్తుంది. ఇంకోటి, బస్సు ఉచితమయ్యాక బస్సులో సీటు దొరకడమే గగనమైంది. జనం పెరిగినప్పుడు రైలు భారం పంచుకోవాలి, అది తప్పుకుంటే ఎట్లా?

ఇప్పుడు అసలు విషయం. బండి ఉందా లేదా అని అడిగితే రైల్వేవాళ్లు ఉంది అంటారు. నిజమే, ఉంది. ప్రయాణికుడు అడిగేది వేరు. ఇది పోతే మళ్లీ ఎప్పుడు? ఈ ప్రశ్నకి గంటల్లో జవాబు ఉంటే అది రవాణా. రేపు పొద్దున అని జవాబు వస్తే టైమ్ టేబుల్ పుస్తకంలో ఒక వరస ఉన్నట్టు, అంతే.

స్విట్జర్లాండ్‌లో 1982 మే 23న ఒక పని మొదలుపెట్టారు. దేశమంతటా గంటకో బండి. హైస్పీడ్ లైన్లకి ముందు చేసిన పని అది. పెద్ద స్టేషనుకి నాలుగు వైపులనుంచి బండ్లు ఇంచుమించు ఒకే సమయానికి వచ్చేట్టు, జనం దిగి మారాక అన్నీ బయల్దేరేట్టు టైములు కూర్చుకుంటూ వచ్చారు. టైమ్ టేబుల్ ఎవరూ జేబులో పెట్టుకోనక్కర్లేదు. నిమిషం ఒక్కటి గుర్తుంటే చాలు, గంట ఏదైనా ఒకటే. వాళ్లది సంపన్న దేశం, మనకెందుకు అనొద్దు. చిన్న చిన్న ఊళ్లు, కొండల మధ్య సింగిల్ లైన్లు, అవన్నీ అక్కడా ఉన్నాయి. ఉన్న పట్టాని ఎట్లా వాడాలో ముందు ఆలోచించారు, అదే తేడా.

మన నడికుడికి అది అతికించి చూద్దాం. నడికుడి అంటే మూడు దారుల కూడలి. హైదరాబాద్ వైపు, గుంటూరు వైపు, మాచర్ల వైపు. మాచర్ల కొమ్మ 35 కిలోమీటర్లు, మధ్యలో ఆగుతూ పోయినా గంట అనుకుందాం. అటు చివర ఇరవై నిమిషాలు, ఇటు చివర ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఒక రౌండు రెండు గంటల నలభై నిమిషాలు. పొద్దున ఐదింటినుంచి రాత్రి తొమ్మిదింటి దాకా పదహారు గంటలు. భాగించండి. ఆరు రౌండ్లు. ఒకే ఒక్క బండి. కొత్త పట్టా లేదు, కొత్త బ్రిడ్జి లేదు, ఎకరం భూమి తీసుకునే పని లేదు. ఎనిమిది పెట్టెల మెమూ ఒకటి ఆ కొమ్మ మీద పొద్దున్నుంచి రాత్రి దాకా తిరుగుతూ ఉంటే గురజాల, రెంటచింతల, మాచర్లలకి రోజుకి ఆరుసార్లు నడికుడి కూడలి దొరుకుతుంది. రాష్ట్రంలో బ్రాడ్ గేజ్ లైన్లన్నీ కరెంటు లైన్లయ్యాయి కాబట్టి మెమూకి ఆ అడ్డంకి కూడా లేదు. ఆ ఆరింటిలో మూడు విశాఖ, నారాయణాద్రి, పల్నాడు లాంటి బండ్లకి అందేట్టు టైము పెడితే మాచర్ల మనిషికి హైదరాబాద్ కూడా దగ్గరవుతుంది, నడికుడి ప్లాట్‌ఫాం మీద గంటలు గంటలు దోమలు కొట్టుకుంటూ కూర్చోకుండా.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాచను. ఎక్స్‌ప్రెస్ గంట లేటయితే షటిల్ ఆగాలా, పోవాలా? ఆగితే తర్వాతి రౌండ్లన్నీ చెడతాయి. నా లెక్క ప్రకారం ఆగకూడదు. రెండు గంటల నలభై నిమిషాల్లో ఇంకోటి ఉన్నప్పుడు ఆగాల్సిన పని లేదు. రోజుకి ఒకటో రెండో ఉన్నప్పుడే ఆ గొడవ. సిమెంటు ఫ్యాక్టరీల గూడ్సు బండ్లకి మాత్రం ఆ కొమ్మ మీద రాత్రిళ్లు దారి ఇవ్వాలి. పగలు కూడా గురజాలలోనో రెంటచింతలలోనో క్రాసింగ్ పెట్టుకుంటూ ఒకటో రెండో నెట్టొచ్చు.

మెయిన్ లైను సంగతి ఇంత సులువు కాదు. నడికుడి నుంచి గుంటూరు దాకా సింగిల్ లైను మీద ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు అన్నీ ఒకే పట్టా. మీలో ప్యాసింజరు ఎక్కినవాళ్లకి తెలుసు. ఏ చిన్న స్టేషనులోనో లూపులో పెడతారు. ఎదురుగా ఒక ఎక్స్‌ప్రెస్ పోతుంది. ఇంక కదుల్తుందిలే అనుకుంటాం. వెనకనుంచి ఇంకోటి వచ్చి దాటిపోతుంది. అది స్టేషన్ మాస్టరు తప్పు కాదు. ఒక పట్టా మీద రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక బండే ఉండాలి. ఎవరో ఒకరు ఆగాలి. ఆగేది ఎప్పుడూ పది రూపాయల టికెట్టు బండే. దీనికి మందు రెండో లైను. గుంటూరు, బీబీనగర్ డబ్లింగ్, 239 కిలోమీటర్లు, 2023 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. అటు గుంటూరు, గుంతకల్లు డబ్లింగ్ 401 కిలోమీటర్లు, 2016-17లో మంజూరైంది. నరసరావుపేట, వినుకొండ దానిలోకే వస్తాయి. అంతా బాగుంది. నా భయం ఒకటే. రెండో పట్టా పడగానే దాని మీద మొదట ఎక్కేది ఏది? ఇంకో నాలుగు దూరపు ఎక్స్‌ప్రెస్‌లు, ఇంకో పది గూడ్సులు. లోకల్ బండికి వాటా ముందే అడిగి రాయించుకోకపోతే పట్టాలు రెండైనా మనం లూపులోనే ఉంటాం.

స్టేషన్ల విషయం చూడండి. అమృత్ భారత్ స్టేషన్ పథకం జాబితాలో మాచర్ల, నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, నరసరావుపేట, వినుకొండ, ఆరూ ఉన్నాయి. ఆరు స్టేషన్లకి కొత్త మొహం. నేనేమీ వద్దనడం లేదు, మంచి బాత్రూములు, లిఫ్టులు, నీడ, అన్నీ కావాలి. కానీ పెళ్లిమండపం అంత స్టేషను కట్టి రోజుకి నాలుగు బండ్లు ఆపితే, మిగతా గంటలన్నీ అందులో ఎవరుంటారు? కుక్కలూ, నిద్రపోయేవాళ్లూ.

మరి రైల్వేవాళ్లు ఎందుకు వెయ్యరు? డబ్బు. దీన్ని తిట్టుకోకుండా అర్థం చేసుకోవాలి. 2024 డిసెంబరులో రైల్వే మంత్రి పార్లమెంటులో చెప్పిన లెక్క ఏంటంటే, ప్రయాణికుడికి వంద రూపాయల సేవ చేస్తే రైల్వేకి వచ్చేది 54. మిగతా 46 సబ్సిడీ. ఏడాదికి 56,993 కోట్లు. ఇది అన్ని తరగతులూ కలిపిన సగటు. ఆర్డినరీ ప్యాసింజరులో ఇంకా అన్యాయంగా ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. మన షటిల్ ఎన్నిసార్లు తిరిగితే అంత నష్టం వాళ్లకి. కరోనా టైములో ఏం జరిగిందో గుర్తుందా? 2020 మార్చిలో ప్యాసింజర్లన్నీ ఆపేశారు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు చాలావాటిని ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చి నడిపారు. అదే పెట్టె, అదే వేగం, అవే హాల్టులు, పది రూపాయల కనీస టికెట్టు ముప్పై. మళ్లీ పది రూపాయలకి రావడానికి 2024 ఫిబ్రవరి చివరి దాకా పట్టింది. నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో షేర్ ఆటోలకి, బస్సులకి అలవాటుపడ్డ జనం అందరూ వెనక్కి వచ్చారా అంటే, రాలేదు. ఒకసారి పోయిన ప్రయాణికుడు అంత తేలిగ్గా తిరిగి రాడు.

కాబట్టి నష్టం ఎవరు భరించాలి అనేది తేలకుండా ఊరికే రైల్వేకి వినతిపత్రాలు ఇస్తే లాభం లేదు. ఇక్కడే నేను రాష్ట్ర ప్రభుత్వం పేరు ఎత్తుతున్నాను. రైల్వే కేంద్రం సబ్జెక్టు, మాకేం సంబంధం అంటారు. ఆర్టీసీలో ఆడవాళ్ల టికెట్టు డబ్బులు ఆర్టీసీకి ఎవరు కడుతున్నారు? రాష్ట్రం. అంటే ప్రయాణాన్ని ప్రభుత్వం కొని జనానికి ఇస్తోంది. బస్సు దగ్గర కొన్నది రైలు దగ్గర ఎందుకు కొనకూడదు? జర్మనీలో 1996 నుంచి ఇదే పద్ధతి. దగ్గరి రైళ్లు ఎన్ని నడవాలో అక్కడి రాష్ట్రాలు నిర్ణయిస్తాయి, కేంద్రం ఇచ్చే డబ్బుతో ఆర్డరు ఇస్తాయి, రైలు కంపెనీ నడుపుతుంది. అంత దూరం ఎందుకు, హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది ఎట్లా? ఉమ్మడి రాష్ట్రం, రైల్వే కలిసి ఖర్చు పంచుకుని. అంటే మన తెలుగువాళ్లకి తెలియని పని కాదు ఇది. అదే ఎంఎంటీఎస్ రెండో దశ రాష్ట్రం వాటా సకాలంలో రాక ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది, అదీ గుర్తుపెట్టుకోవాలి. అందుకే నేను వేల కోట్ల ప్రాజెక్టులో వాటా పెట్టమని అడగడం లేదు. ఒక కొమ్మ, ఒక మెమూ, రెండేళ్లు. నడిపిన నష్టంలో ఇంత అని రాష్ట్రం ఏటా కడుతుంది, రైల్వే రోజుకి ఆరు రౌండ్లు తప్పకుండా నడుపుతుంది. రెండేళ్ల తర్వాత టికెట్ల లెక్క ముందేసుకుని కొనసాగించాలా, ఆపాలా చూసుకుంటారు. రెండేళ్లు ఎందుకంటున్నానంటే ఆరు నెలల ట్రయల్ అని పెట్టి, జనానికి తెలిసేలోపు ఆక్యుపెన్సీ లేదని ఎత్తేస్తే అది ట్రయల్ కాదు. పిల్లని ఇంటరులో గుంటూరు కాలేజీలో చేర్పించే తండ్రి ఈ బండి వచ్చే ఏడాది ఉంటుందా అని చూసుకుంటాడు. ఉంటుందని నమ్మితేనే హాస్టలు మానేసి పాసు తీస్తాడు.

అమరావతికి ఎర్రుపాలెం నుంచి నంబూరు దాకా 57 కిలోమీటర్ల కొత్త లైను 2024 అక్టోబరులో క్యాబినెట్ ఆమోదించింది, 2,245 కోట్లు. అది రావాలి, వస్తే మంచిదే. నంబూరు గుంటూరు పక్కనే. అప్పుడు మాచర్ల, సత్తెనపల్లి బండి గుంటూరులో ఆగిపోకుండా రాజధాని దాకా పోవచ్చు. దానికీ ముందుండాల్సింది ఇక్కడి ఈ చిన్న బండే.

చివరిగా పని విషయం. టైమ్ టేబుల్ ఏడాదికోసారి మారుతుంది. 2025ది జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మార్పులు అడగాలంటే కొన్ని నెలల ముందే డివిజనుకి చేరాలి. మన ప్రాంతం గుంటూరు డివిజను. డివిజనుకి ప్రయాణికుల సలహా కమిటీ ఉంటుంది, డీఆర్‌యూసీసీ అంటారు. మీ ఎంపీ ఆఫీసులోనో, మీ ఊరి చాంబర్ ఆఫ్ కామర్స్‌లోనో అడిగితే అందులో ఎవరున్నారో చెప్తారు. వాళ్లకి అర్జీ ఇచ్చేటప్పుడు రైళ్లు పెంచండి అని ఒక్క ముక్క రాసి సంతకాలు పెట్టకండి. అట్లాంటివి కట్టలు కట్టలు ఉంటాయి అక్కడ. ఇట్లా రాయండి. నడికుడి, మాచర్ల మధ్య ఒక మెమూ, రోజుకి ఆరు రౌండ్లు. మొదటిది మాచర్లలో తెల్లవారుజామున బయల్దేరి, నడికుడి నుంచి అదే బండి ఆ ఒక్కసారి గుంటూరు దాకా పోవాలి, ఓపీ టైముకి దిగేట్టు. తిరిగి గుంటూరులో మధ్యాహ్నం మూడింటికి ఒకటి, సాయంత్రం ఆరున్నరకి ఒకటి. బండి గుంటూరు పోయొచ్చేదాకా కొమ్మ మీద తిరగడానికి రెండో మెమూ పగలు కొన్ని గంటలు కావాలి, అది కూడా దాచకుండా రాయండి. పిడుగురాళ్ల, వినుకొండ మధ్య కొత్త లైను మీద పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, శావల్యాపురంలో నరసరావుపేట బండికి అందేట్టు. అర్జీ కాపీ ఒకటి రాష్ట్ర రవాణా శాఖకి కూడా పంపండి, ఖర్చు వాటా అనే మాట రాసి మరీ.

వచ్చే ఎపిసోడ్‌లో రేపల్లె లైను చూద్దాం. ఉంటానండీ, నమస్కారం.